ఒంటరి పందెము – ఉమ్మడి సాధన
(దౌల్తాబాద్ గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



పుస్తకమును ఎవరికి వారే చదువుకొనవలెను. ఒకరి బదులు మరియొకరు చదువుటకు వీలులేదు. కాని గ్రంథాలయమును ఏ ఒక్కరును నిలుపజాలరు. ఒకరు స్థలమిత్తురు; ఒకరు బీరువా యిత్తురు; ఒకరు వేళ తప్పక తలుపు తెరతురు; ఒకరు తీసికొనిపోయిన పుస్తకమును చెడకుండ తిరిగి తెత్తురు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు తెలుగునాట గ్రంథాలయములన్నియు ఇట్టి చేతుల మీదనే నిలిచినవి. ఒంటరిగా చేయవలసిన పనికి సయితము ఉమ్మడి బలము కావలెనను ఈ సత్యము చదువునకే గాక దేహసాధనకును చెల్లును. నేటి ప్రసంగమునకు విషయమదియే.

ట్రయథ్లాన్ అను పందెమొకటి కలదు. ఈత, సైకిలు, పరుగు అను మూటిని నడుమ విశ్రాంతి లేక ఒకదాని వెంట నొకటి ముగింపవలెను. 1974లో అమెరికాలోని సాన్ డియాగో నగరమున ఒక పరుగు సంఘమువారు దీనిని వినోదముగా మొదలిడిరి. 2000 సంవత్సరమున సిడ్నీ నగరములో ఇది ఒలింపిక్ క్రీడలలో చేరినది. ఒలింపిక్ పందెములో ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. నేడు అనేక దేశములలో ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గృహిణులు తమ పనులు చూచుకొనుచునే, ధనాపేక్ష లేక, దీనికై సాధన చేయుచున్నారు.

ఈ పందెమున శ్రమను తప్పించుకొను మార్గము లేదు. సైకిలు దిగి పరుగు మొదలిడినంతనే కాళ్లు తనవి కానట్లు బరువెక్కును. దీనికి మందు అభ్యాసమొక్కటే. ఒక్కనాడే ఎక్కువ దూరము పోయిన వానికి నొప్పులు మిగులును. వారము వారము కొద్దికొద్దిగా పెంచుకొనుచు, నడుమ విశ్రాంతినిచ్చిన దేహమునకు బలము చేకూరును. పైరుకు నీరు పెట్టుట వంటిదే ఈ పని. ఏడాది నీటిని ఒకనాడు పెట్టిన పంట పండదు.

ఇక సహకారము సంగతి. సైకిళ్లపై పలువురు వరుసగా పోవునపుడు ముందున్నవాడు గాలిని చీల్చుచు పోవును. వెనుకవానికి శ్రమ చాల తగ్గును. అందుచేత కొంత దూరమునకొకసారి ముందువాడు వెనుకకు వచ్చును. వెనుకవాడు ముందునకు పోవును. నాట్లవేళ పల్లెలలో ఒకరి పొలమునకు ఒకరు బదులు పోవుట వంటిదే ఇది. ఔత్సాహికుల పందెములలో ఇట్లు ఇంకొకరి చాటున పోవుట సాధారణముగా నిషిద్ధము. పందెము నాడు ఎవని గాలి వానిదే. కాని ఆ గాలికి ఎదురు నిలుచు సత్తువ మాత్రము తోడివారితో కలసి సంపాదించినదే.

2016లో మెక్సికో దేశమున కొజుమెల్ అను చోట జరిగిన పందెములో ఇంగ్లండు దేశపు జోనథన్ బ్రౌన్లీ అందరికంటె ముందుండి, గమ్యము కొన్ని వందల మీటర్లున్నదనగా ఎండకు తాళలేక తూలిపోయెను. వెనుక వచ్చుచున్న అన్న అలిస్టేర్ గెలుపునకై సాగిపోక, తమ్ముని చేతిని తన భుజముపై వేసికొని నడిపించి, గీతను తనకంటె ముందుగా వానినే దాటించెను. గెలుపు దక్షిణాఫ్రికా వానికి దక్కెను. అయినను ఆనాటి పందెమును తలచువారు మొదట తలచునది ఆ అన్నదమ్ములనే.

ఇది దూరదేశపు ముచ్చట యని తలపవలదు. వేరొక కఠిన పరీక్షలో తెలుగు బిడ్డలే ఈ పాఠమును నేర్పిరి. 2014 మే 25వ తేదీన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అను ఇరువురు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు ఎవరెస్ట్ శిఖరమును అధిరోహించిరి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామమునకు చెందిన పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు నిండలేదు. అంత చిన్న వయసున ఆ శిఖరమెక్కిన బాలిక అదివరకు లేదు.

శిఖరముపై నిలిచినవారు ఇద్దరే గాని సాధన ఇద్దరిది కాదు. భువనగిరి కొండపై శిక్షణకు చేరినవారు నూరు మందికి పైబడిన విద్యార్థులు. వారిలో 20 మంది డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు, పిదప 9 మంది లడఖునకు పోయిరి. కడకు ఇద్దరు ఎంపికైరి. బండ ఎక్కు విద్యలో పైకి ప్రాకువాడొకడు, క్రింద నిలిచి త్రాడు పట్టువాడు మరియొకడు. పట్టినవాడు ఏమరినచో ఎక్కువాని ప్రాణమునకే ముప్పు. వంతు మారగా ఎక్కినవాడే త్రాడు పట్టవలెను. శిఖరమునకు పోని విద్యార్థుల శ్రమయు ఆ గెలుపులో కలదు. మంచు దారులలో బరువులు మోసిన షేర్పాల శ్రమయు అందు కలదు.

త్రాడు పట్టువాడు లేని సాహసమెట్టిదో ఈ జిల్లా ఎరుగును. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగరమున ఐదుగురు యువకులు మునిగి మరణించిరి. పరుగులో అలసినవాడు కూర్చుండవచ్చును. సైకిలుపై అలసినవాడు దిగవచ్చును. నీటిలో అలసినవానికి కూర్చుండ చోటులేదు. అందుచేత ఈత నేర్వగోరు బాలబాలికలు పెద్దల కనుసన్నలలోనే, లోతు తెలిసిన చోటనే నేర్వవలెను. ఎంత ఈతగాడైనను ఒంటరిగా నీట దిగరాదు. మునుగువానిని చూచి తొందరపడి దుముకరాదు. కేకవేసి నలుగురిని పిలువవలెను. త్రాడో, తువ్వాలో, పొడుగు కర్రయో అందింపవలెను. గాలి నింపిన ట్యూబు నైనను విసరవలెను. దుమికిన తొందర ఒక ప్రాణమునకు మారుగా రెండు ప్రాణములను తీసికొనిపోవచ్చును.

ఈ గ్రామమున సైకిళ్లున్నవి, బాటలున్నవి, తెల్లవారకమునుపే లేచు అలవాటున్నది. వ్యాయామమునకు పెద్ద ఖర్చుతో పనిలేదు. ఈ రజతోత్సవ సంవత్సరమున యువకులును, యువతులును కూడి ప్రాతఃకాల సాధన మొదలిడుదురు గాక. గ్రంథాలయములో దానికొక నోటుపుస్తకముంచి, వచ్చినవారి పేర్లు దినదినము వ్రాయుదురు గాక. ఎవరు ముందు వచ్చిరో వ్రాయ నక్కరలేదు. బయలుదేరిన వారందరును తిరిగి వచ్చిరా యనునదే వ్రాయవలెను. కడపటివాడు వచ్చువరకు ఎవరును ఇంటికి పోరాదనునది ఒక్కటే నియమము కావలెను.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయ దీపము ఆరకుండ కాపాడిన గ్రామమునకు ఆ నియమము క్రొత్తది కాదు. స్వర్ణోత్సవము నాటికి ఈ గ్రంథాలయమున పుస్తకములును, ఈ గ్రామమున దృఢకాయులైన పాఠకులును ఇనుమడింతురు గాక!