నక్షా గీసేటప్పుడే మనం ఉండాలి
(మద్నూర్ మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోయా కోత, పత్తి ఏరుడు పనులు పక్కన పెట్టి వచ్చారు. అందుకే ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఈ రోజు మాట్లాడేది ధర గురించి కాదు, ఎరువు గురించి కాదు. మాస్టర్ ప్లాన్ గురించి. "అది పట్నపోళ్ల ముచ్చట, మద్నూర్‌లో మనకెందుకు?" అని కొందరు అడిగారు. అడ్లూర్ ఎల్లారెడ్డి రైతులు కూడా ఒకప్పుడు అట్లనే అనుకున్నారు. అందుకే చెప్తున్నాం.

మన జిల్లా కేంద్రం కామారెడ్డిలో జరిగింది మీకు ఎరుకే. 2016లో జిల్లా అయింది. 2018లో చుట్టూ ఉన్న ఊళ్లు కొన్ని మున్సిపాలిటీలో కలిశాయి. 2022 నవంబరులో కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టారు. అభ్యంతరాలకు 2023 జనవరి 11 వరకు గడువు ఇచ్చారు. సంగతి తెలుసుకుని రైతులు రోడ్డెక్కారు. నక్షాలో చూస్తే పంట పండే పొలం ఒకచోట ఇండస్ట్రియల్ జోన్, ఒకచోట గ్రీన్ జోన్, ఇంకోచోట పొలం మధ్యలోంచి పెద్ద రోడ్డు.

జనవరి 4న అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకరు ప్రాణం తీసుకున్నాడు. మరుసటి రోజు వేలమంది కలెక్టరేట్ ముందుకు పోయారు. ఆ మరుసటి రోజు బంద్ జరిగింది. రైతులు హైకోర్టుకు కూడా పోయారు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాల మాస్టర్ ప్లాన్ కూడా వెనక్కి పోయింది. ఆ ఏడు చివర జరిగిన ఎన్నికల్లో కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన నాయకుడు ఇద్దరూ ఓడిపోయారు. అది ఒక్క ప్లాన్ వల్లనే అని మేము అనం. కానీ రైతు కడుపు మంట లెక్కలోకి రాలేదని ఎవరూ అనలేరు.

గెలిచాం, మంచిదే. కానీ ఒక పాణం పోయినంక గెలిచాం. ఎవరికైనా అంత కష్టం వస్తే ఒంటరిగా ఉండొద్దు, సంఘం దగ్గరికి రండి. ఇది మొదటి మాట.

రెండో మాట. జోన్ మారితే ఏమవుతుందో సరిగ్గా తెలుసుకోవాలి. నక్షాలో రంగు మారినంత మాత్రాన పట్టా మారదు. భూమి అప్పుడే సర్కారుది కాదు. దున్నుకోవచ్చు. మరి రైతు ఎందుకు భయపడ్డాడు? పార్కు అని రాసిన చోట రేపు ఇల్లు కట్టుకుంటానంటే పర్మిషన్ రాదు. బిడ్డ పెళ్లికో, దవాఖాన ఖర్చుకో ఎకరం అమ్ముదామంటే కొనేటోడు ముందు జోన్ అడుగుతాడు. భూమి మనదే, కానీ అక్కరకు రాదు. ఇరవై ఏండ్లు అట్లనే ఉండాలి.

రోడ్డు లెక్క చూడండి. 100 అడుగుల రోడ్డు ఒక కిలోమీటరు పోతే ఏడున్నర ఎకరాలు పోతుంది. రెండెకరాల చదరపు చెలక నడుమ నుంచి ఆ రోడ్డు పోతే 27 గుంటలు రోడ్డు కిందకే. మిగిలిన ఎకరం పదమూడు గుంటలు రెండు ముక్కలు. బోరు ఒక పక్క, పంట ఒక పక్క. ఆఫీసులో గీసేటోనికి అది ఒక గీత. మనకు అది ఎవుసం ఆగిపోవుడు.

మూడో మాట పరిహారం గురించి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువను గ్రామాల్లో 1 నుంచి 2 వరకు ఒక అంకెతో హెచ్చిస్తారు. దాని మీద మళ్లీ నూటికి నూరు సొలేషియం కలుపుతారు. పట్టణంలో ఆ అంకె ఒకటే. ఎకరం మార్కెట్ విలువ 10 లక్షలు అనుకుందాం. గ్రామంలో ఆ అంకె 2 అయితే 40 లక్షలు వస్తాయి. అదే భూమి మున్సిపాలిటీలో ఉంటే 20 లక్షలే. మున్సిపాలిటీలో కలిస్తే గ్రామసభ ఉండదు, ఊళ్లలో ఇచ్చే ఉపాధి హామీ పని ఉండదు. అందుకే "మీ ఊరు మున్సిపాలిటీ అయితది, భూముల రేట్లు పెరుగుతయి" అని ఎవరన్నా అంటే, సంతోషపడే ముందు ఈ లెక్క అడగండి.

ఇక మేము ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ప్లానే వద్దు అనుడు మన మాట కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డిలో ఏం జరిగిందో చూశాం. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించిన వాన పడింది. పట్నంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అంత వాన పడితే ఏ పట్నమైనా తల్లడిల్లుతుంది. కానీ నీళ్లు పోయే తోవలో ఇండ్లుంటే తల్లడిల్లుడు రెట్టింపవుతుంది. చెరువు శిఖం ఎంతవరకు, అలుగు పారితే నీళ్లు ఏ ఒర్రెలో పోతాయి, ఆ ఒర్రె ఏ వాగులో కలుస్తుంది? ఈ సంగతి ముందు నక్షాలో గీసి, ఆ తర్వాత కాలనీలు, ఫ్యాక్టరీలు గీయాలి. అది పట్నపోళ్లకూ మేలే, మనకూ మేలే. ఒర్రె ఎక్కడ పారుతుందో గెట్టు మీద పుట్టి పెరిగిన రైతును అడిగితే చెప్తాడు. అడగకుండా గీసిందే కామారెడ్డిలో తప్పు.

మన సంగతికి వద్దాం. బాన్సువాడ, ఎల్లారెడ్డి ఇప్పటికే మున్సిపాలిటీలు. మన పక్కనే బిచ్కుంద కూడా అయింది. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161 నంబరు జాతీయ రహదారి మన పొలాల పక్కనుంచే పోతుంది. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. ఇసుంట రోడ్డు ఉన్న చోట ఇయ్యాల కాకుంటే రేపు నక్షా వస్తుంది. వచ్చినంక ధర్నా చేసుడు కన్నా, రాకముందే తయారుగా ఉండుడు మేలు.

అందుకే ప్రతి ఊరి కమిటీకి నాలుగు పనులు చెప్తున్నాం.

ఒకటి. ఊరి పాత నక్షా తీసుకుని, సర్వే నంబర్ల వారీగా ఏ పంట, ఏ బోరు, ఏ బాయి, ఏ బండ్లబాట, ఏ ఒర్రె, ఏ చెరువు శిఖం ఎక్కడుందో మనమే గుర్తు పెట్టాలి. చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టుకోండి.

రెండు. ఆ కాగితం గ్రామసభలో చదివి తీర్మానం చేయించాలి. పంచాయతీ దగ్గర ఒక ప్రతి, మన దగ్గర ఒక ప్రతి ఉండాలి.

మూడు. ఏ ప్లాన్ ముసాయిదా వచ్చినా అభ్యంతరం నోటి మాటతో చెప్పొద్దు. సర్వే నంబరు, గుంటలతో సహా రాసి, పాసు పుస్తకం జిరాక్స్ పెట్టి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. కోర్టులో నిలబడేది ఆ రసీదే.

నాలుగు. కౌలు రైతును, కూలీని మరువద్దు. నక్షాలో వాళ్ల పేరు ఉండదు, పరిహారం జాబితాలో పట్టాదారు పేరే ముందుంటుంది. పొలం పోతే ముందు పని పోయేది వాళ్లకే. మన తీర్మానంలో వాళ్ల లెక్క కూడా రాయాలి.

ఇందులో మన తప్పు కూడా ఒకటి ఉంది. గ్రామసభకు పిలిస్తే పోము. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే చదవము. గెట్టు అడుగు జరిగితే మాత్రం పదేండ్లు పంచాయితీ పెడతాం. అన్నదమ్ముల మధ్య అడుగు గెట్టు కోసం పడే పట్టుదలలో సగం, ఊరి నక్షా కోసం పెడితే చాలు.

కామారెడ్డిలో ఆ ముసాయిదా రద్దయింది. కానీ పట్నం పెరుగుడు రద్దు కాలేదు. రేపు ఇంకో నక్షా వస్తుంది. అప్పుడు అధికారి "ఇక్కడ ఏముంది?" అని అడిగితే, మన కాగితం బల్ల మీద పెట్టి "ఇదిగో, మేమున్నం" అని చెప్పాలి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక నక్షా రావాలి. ఉత్త చేతులతో రావద్దని కోరుతూ సెలవు.