బండి నిలిపే జాగా - లైసెన్సు, తనిఖీ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. వకీళ్ళం కాము. అయినా స్కూటర్ స్టాండ్ల కాయిదాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగితే కాదనలేకపోయాము. మనవాళ్ళలో చాలామందికి బండితోనే బతుకు. ఒకరిది పంక్చర్ షాపు, ఒకరిది మెకానిక్ షెడ్డు, మరొకరిది ఆటో. జూలూరుపాడులో బండి పెట్టి కొత్తగూడెంకో, ఖమ్మంకో బస్సెక్కి పోయేవాళ్ళు రోజూ ఉంటారు. ఒక రేకుల షెడ్డు వేసి, టోకెన్ ఇచ్చి, రోజుకు ఇంతని తీసుకుంటే ఇల్లు గడుస్తుంది కదా అని మన కుర్రవాళ్ళు ఆలోచిస్తున్నారు. ఆలోచన మంచిదే. కాని అప్పు చేసి, ఇంట్లో బంగారం కుదువబెట్టి షెడ్డు వేసిన తరువాత "దీనికి పర్మిషన్ ఏది?" అని ఎవరైనా అడిగితే నోట మాట రాదు. గుంజ పాతక ముందే తెలుసుకోవాలి.

మొదటి సంగతి లైసెన్సు. మన చట్టాల్లో దీనికి పాత పేరొకటి ఉంది - బండ్ల స్టాండు. ఎడ్లబండ్లు, గుర్రపుబండ్లు సంతకు వచ్చి నిలిచే రోజుల్లో పుట్టిన మాట. ఆ రోజుల్లో మనది నిజాం ఇలాఖా. గోదావరి అవతలి భద్రాచలం మద్రాసు వారి కింద ఉండేది, 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. రెండు ప్రాంతాల పంచాయతీలకూ ఒకే చట్టం 1964లో వచ్చింది. తరువాత 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అందులో బండ్ల స్టాండు అంటే పశువులు, అన్ని రకాల బండ్లు, మోటారు వాహనాలు కూడా నిలిపే జాగా అని స్పష్టంగా రాశారు. ఎడ్లు పోయినా మాట మిగిలింది. ఆ మాట కిందికే నేటి స్కూటర్ స్టాండు వస్తుంది.

ఆ చట్టం చెప్పిన పద్ధతి ఇది. పంచాయతీ తానే స్టాండు పెట్టి ఫీజు వసూలు చేయవచ్చు. అలా పెట్టినచోట, ఇంత దూరం లోపల రోడ్డు పక్కన మరెవరూ బండ్లు నిలపరాదని కట్టడి చేయవచ్చు. ప్రైవేటు మనిషి స్టాండు పెట్టాలంటే, ఉన్న స్టాండు నడపాలన్నా సరే, పంచాయతీ లైసెన్సు తీసుకోవాలి. ముందునుంచి చట్టప్రకారం నడుస్తున్నదానికి పంచాయతీ లైసెన్సు ఇవ్వాలి. కొత్తదానికి ఇవ్వడమా, మానడమా అన్నది పంచాయతీ విచక్షణ. షరతు తప్పితే రద్దు చేసే అధికారమూ ఉంది.

2018లో తెలంగాణకు కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. కనుక ఫారము ఏది, ఫీజు ఎంత, గడువు ఎప్పటిదాకా అన్నది పంచాయతీ కార్యదర్శిని అడిగి, కాగితం మీద తీసుకోవాలి. "మెంబరు మనోడే భాయ్, నోటిమాట చాలు" అనేవాళ్ళున్నారు. మెంబరు మారతాడు, నోటిమాట మారుతుంది. రశీదు మారదు.

రెండో సంగతి జాగా. లైసెన్సు వేరు, భూమి హక్కు వేరు. ఊరి మధ్యగా పోయే మెయిన్ రోడ్డు పక్క జాగా ఖాళీగా కనబడుతుంది గాని అది రోడ్డు శాఖది. రోడ్డు వెడల్పు చేసే రోజున షెడ్డు పోతుంది, పైసా రాదు. ఇంకొకటి, మన చుట్టూరా ఏజెన్సీ గ్రామాలున్నాయి. అక్కడ వన్ ఆఫ్ సెవెంటీ అనే 1970 నాటి రెగ్యులేషన్ నడుస్తుంది. గిరిజనులు కానివారి పేర భూమి మార్పిడి అక్కడ చెల్లదు. మార్పిడి అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు మనవాళ్ళు. కాదు, కౌలు, కిరాయి, తాకట్టు కూడా అందులోకే వస్తాయి. "మేము కొనలేదు సార్, లీజుకే తీసుకున్నాం" అంటే ఆ మాట నిలవదు. ఆ కట్టడి గిరిజన సోదరుల భూమి కాపాడటానికి పెట్టినది, దానిని మనం గౌరవించాలి. అందుచేత జాగా ఏ సర్వే నంబరులో ఉంది, అది షెడ్యూల్డ్ గ్రామమా కాదా అని తహసీల్దారు ఆఫీసులో తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

మూడో సంగతి తనిఖీ. తనిఖీ అనగానే మనవాళ్ళకు గుండె దడ. పర్యవేక్షణ, తనిఖీ, పారిశుధ్యం - ఈ మూడింటి మీద షరతులు పెట్టవచ్చని ఆ 1994 చట్టంలోనే ఉంది. వచ్చినవారిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి, రిజిస్టరు చూపించండి. ఏ బండి, ఏ నంబరు, ఎన్ని గంటలకు వచ్చింది, ఎప్పుడు పోయింది - రోజూ రాసుకునేవాడికి భయమెందుకు? బండ్ల మధ్య దారి వదలండి. పెట్రోలు బండ్లున్నచోట ఇసుక బక్కెట్లు ఉంచండి, బీడీ వెలిగించనివ్వకండి. లోపమేదైనా చెబితే రాసి ఇమ్మని వినయంగా అడగండి. రాతలో పెట్టిన లోపాన్ని సరిచేయవచ్చు. మామూలు ఇచ్చి మూసిన లోపం మళ్ళీ వచ్చే నెల తలుపు తడుతుంది. దరఖాస్తు కదలకుండా పడి ఉంటే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది, బాధ్యత. చాలా స్టాండ్లలో బోర్డు చూస్తాము: "వాహనం పోయిన మాకు బాధ్యత లేదు." ఆ బోర్డు కాపాడుతుందని నమ్మకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒకరి వస్తువును అప్పగింతగా తీసుకున్నవాడు దాన్ని తెలివిగల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూసుకోవాలి. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో ఒక అతిథి తన కారు తాళాలు హోటల్ మనిషికి ఇచ్చి లోపలికి పోయాడు. కారు చోరీ అయింది. ఓనరుదే బాధ్యత అని చీటీ మీద అచ్చు వేసి ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. జాగ్రత్త తీసుకోనప్పుడు ఆ అచ్చు చాటున దాక్కోవడం కుదరదని 2019లో కోర్టు తేల్చింది, హోటలే బాధ్యురాలంది. అంత పెద్ద హోటలుకు చెల్లని బోర్డు మన రేకుల షెడ్డుకు చెల్లుతుందా? దీనికి మన ఇళ్ళలో వాడే మాట ఉంది - అమానత్. పైసలు తీసుకుని టోకెన్ ఇచ్చి బండి లోపల పెట్టించుకున్నామంటే అది అమానత్. ఒక్క బండి పోతే ఏడాది సంపాదన దాని వెంట పోతుంది. కనుక గేటు, తాళం, రాత్రి కాపలా ముందు. రంగుల బోర్డు తరువాత.

బండి పెట్టేవారికి కూడా ఒక మాట. టోకెన్ లేకుండా బండి వదలకండి, టోకెన్ బండిలోనే పెట్టి పోకండి. పైసలు మిగులుతాయని రోడ్డు మీద వదిలి పోతారు కొందరు. బహిరంగ స్థలంలో పది గంటలకు పైగా దిక్కులేకుండా ఉన్న బండిని తీసివేయించే అధికారం మోటారు వాహనాల చట్టం, 1988 పోలీసులకు ఇచ్చింది.

హైదరాబాదు పోయివచ్చిన పిల్లలు "మొదటి అరగంట ఫ్రీ కదా" అని మన స్టాండుల్లో తగవు పడుతుంటారు. 2018లో వచ్చిన ఆ ఉత్తర్వు పట్టణాల్లోని మాల్సు, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల కోసం. పల్లెటూరి స్టాండుకు అది తగలదు. అయినా రేటు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిపెడితే తగవే రాదు.

చివరగా సంఘానికి మా మనవి. స్టాండు పెట్టాలనుకునే కుర్రవాళ్ళు నలుగురైదుగురు ఉంటే వారిని ఒకచోట కూర్చోబెట్టండి. దరఖాస్తులు తెలుగులో రాసిపెట్టడానికి మా ఉపాధ్యాయులం సిద్ధం, సాయంత్రం నమాజు తరువాత ఎప్పుడైనా రండి. అప్పు ఇచ్చేముందు సంఘం కూడా లైసెన్సు కాగితం, జాగా కాగితం చూసి ఇవ్వాలి. అది అనుమానం కాదు, తమ్ముళ్ళ మీద ప్రేమ. కాగితం సరిగా ఉన్న షెడ్డు చిన్నదైనా, ఆ ఇంటి తల్లి రాత్రి నిశ్చింతగా నిద్రపోతుంది.