పని పోయినను మందులు మానవలదు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములనుండి అనేకులు పట్టణములకు పోయి ఫ్యాక్టరీలలో పనిచేయుచున్నారు. ఫ్యాక్టరీ మూతపడినచో వారు ఇల్లు చేరుదురు. జీతము నిలిచినను మధుమేహము, రక్తపుపోటు నిలువవు. పనితోపాటు వైద్యమును పోయినదని తలచి కొందఱు మాత్రలు మానివేయుదురు. ఇది ప్రాణాపాయకరము.

ఉద్యోగుల రాజ్య బీమా పథకము 1952 ఫిబ్రవరి 24 న ఆరంభమైనది. 2019 జూలైనుండి అమలునకు వచ్చిన రేటు ప్రకారము జీతములో నూటికి 0.75 వంతు కార్మికుడును, 3.25 వంతు యజమానియు చందా చెల్లింతురు. కనుక ఈ వైద్యము దానము కాదు; ముందుగా చెల్లించి సంపాదించుకొన్న హక్కు.

ఈ హక్కు పని పోయిన నాడే పోదు. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వఱకు 78 దినములకు తక్కువ కాకుండ చందా చెల్లినచో మఱుసటి సంవత్సరము జూన్ నెలాఖరు వఱకును, అక్టోబరు మొదలు మార్చి వఱకు అట్లే చెల్లినచో తరువాతి డిసెంబరు నెలాఖరు వఱకును కార్మికునకు, కుటుంబమునకు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో మందులు లభించును.

2005 ఏప్రిల్ 1 న రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన ఏర్పడినది. ఫ్యాక్టరీ మూతపడుటచేత గాని, రిట్రెంచిమెంటుచేత గాని పని కోల్పోయిన అర్హులకు నిరుద్యోగ భృతిని, ఆ కాలమున కుటుంబవైద్యమును ఇందు కల్పించిరి. స్వయముగా రాజీనామా చేసినవారికి ఇది వర్తింపదు. కావున "రాజీనామా" యని వ్రాసిన కాగితముపై చదువక సంతకము చేయరాదని మన యువకులకు నచ్చజెప్పవలెను.

మనము చేయవలసిన పనులు మూడు. పని పోయి వచ్చినవారి పేర్లు వ్రాసికొనుట మొదటిది. వారి బీమా నంబరు, జీతపు చీటీలు, పనినుండి తొలగించిన ఉత్తరువు భద్రపఱపించుట రెండవది. వారిని ఆలస్యము లేకుండ ఇ.ఎస్.ఐ. శాఖాకార్యాలయమునకు పంపుట మూడవది. నిబంధనలు మారుచుండును గనుక, తమకు ఏది వర్తించునో వారచ్చటనే విచారింపవలెను.

బీమా లేనివారు సైతము నిరాశ చెందనక్కఱలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపుపోటునకు, మధుమేహమునకు మందులు ఉచితముగా ఇత్తురు. అచ్చట ఉద్యోగ ప్రసక్తియే లేదు. కొనక తప్పనప్పుడు జనౌషధి దుకాణములలో అదే మందు తక్కువ ధరకు దొరకును.

మందు మానిన తరువాత వచ్చెడి పక్షవాతమునకు ఆ కుటుంబము చెల్లించు మూల్యము మిక్కిలి పెద్దది. సకాలమున మనము చెప్పు ఒక్క మాట దానిని తప్పింపగలదు.