సంగీత విద్య: గురువుకూ గృహానికీ నడుమ వారధి

(కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

భగవద్బంధువులారా!

షోడశోపచార పూజానంతరం స్వామికి ఛత్రం, చామరం, గీతం, నృత్యం, వాద్యం మొదలైన రాజోపచారాలు సమర్పిస్తాము. గోపుర ప్రాకారాలకు జీర్ణోద్ధరణ జరిగిన ఈ శుభవేళ, గీతోపచారానికి కంఠాలను సిద్ధం చేసుకొంటున్న సంగీత విద్యార్థుల తల్లిదండ్రులకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

పూర్వం శిష్యుడు గురువుగారి ఇంటనే ఉండేవాడు. తెల్లవారుజామున అతడు చేసే సాధన గురువు చెవిన పడేది. వేదపాఠశాలలో సంత చెప్పుకొని వల్లె వేసిన మావంటివారికి ఆ పద్ధతి విలువ తెలుసు. నేడు బిడ్డలు గురువు ఎదుట కూర్చునేది వారానికి ఒకటి రెండు గంటలే. తక్కిన సాధన అంతా గృహంలోనే జరగాలి. పురందరదాసులవారు ఏర్పరచారని సంప్రదాయం చెప్పే స్వరావళులు, జంటస్వరాలు, అలంకారాలు మాయామాళవగౌళలో మూడు కాలాలలోనూ నిత్యం పాడితేనే గాత్రం నిలకడ పొందుతుంది. తల్లికి సంగీతం రాకపోయినా, బిడ్డ శ్రుతి పెట్టుకొని కూర్చున్నదా, మూడు కాలాలూ పాడినదా అని గమనించగలదు. ఏమి గమనించాలో ఆమెకు తెలియజెప్పవలసినవాడు గురువు.

ఈ పనికి వాట్సాప్ వంటి సాధనాలు ఎంతో ఉపకరిస్తాయి. గురువు ఆ వారపు పాఠాన్ని స్వయంగా పాడి పంపితే ఇంటిల్లిపాదీ వింటారు. గ్రూపులో నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపే ఏర్పాటు 2018 నుండి ఉన్నది. అది పెట్టుకొంటే శుభోదయ చిత్రాల వెల్లువలో పాఠం మునిగిపోదు. అయితే వీడియో పాఠంలో శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది గనుక గురుశిష్యులు కలిసి పాడడం పొసగదు. కొన్ని యాప్‌లు తంబురా నాదాన్ని రొదగా ఎంచి అణచివేస్తాయి. గమకం దిద్దించుకోవడానికి గురువు ఎదుట కూర్చోవలసిందే.

పాణినీయ శిక్ష అధమ పాఠకులు ఆరుగురని చెప్పింది. తొందరపడి చదివేవాడు వారిలో ఒకడు. స్వరావళి కుదరకముందే కీర్తన పాడించి, ఫేస్‌బుక్‌లో పెట్టి, లైకులు లెక్కించుకొనే పెద్దలు బిడ్డకు ఆ దోషాన్నే అలవాటు చేస్తున్నారు. పిల్లల పాటలన్నీ ఒకచోట చేర్చి పోల్చితే బిడియపడే బిడ్డ గొంతు మూగపోతుంది. కనుక సాధన పాటను గురువుకు మాత్రమే పంపండి. ఆయన దిద్దుబాటు కూడా ఆ ఇంటికి మాత్రమే చేరాలి. బిడ్డ ముఖం, పేరు, తరగతి వేళలు లోకానికి వెల్లడి చేయకండి. పద్దెనిమిదేళ్ళ లోపు వారి వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో మన పార్లమెంటు చేసిన చట్టం కూడా నిర్దేశించింది.

తండ్రి పనికి పోతూ ఇంట ఉన్న ఒక్క ఫోనూ వెంట తీసుకొనిపోయే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. అటువంటి ఇంటి బిడ్డ పాఠశాలకు పరాయి కారాదు. గ్రూపులో పెట్టే ప్రతి సమాచారమూ ఆలయ సూచనల బల్లపైన కూడా వ్రాయించాలని నిర్వాహకులను ప్రార్థిస్తున్నాను.

పల్లెలోని తాతగారికి, విదేశంలోని మేనత్తకు బిడ్డ పాట నిరభ్యంతరంగా వినిపించండి. కాని సాయంకాలం దీపం వెలిగించిన తరువాత ఒక అరగంట ఫోను పక్కన పెట్టి, బిడ్డ దగ్గర కూర్చొని మీరు స్వయంగా వినండి. ఈ సన్నిధిలో ఆ బిడ్డ గీతం సమర్పించే రోజున ఆ అరగంటల ఫలం మీకు కనబడుతుంది.

శుభం భూయాత్.