పాదు దగ్గర పాఠం

(వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా అప్పులు, వసూళ్ళ లెక్కలు విన్నారు. మేము చెప్పేది కూడా అప్పుతోనే మొదలవుతుంది. పోయిన ఏడు జూన్‌లో మా సభ్యుల్లో నలుగురు ఒకే పనికి అప్పు అడిగారు. నాలుగేళ్ళు కూడా నిండని పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టాలట. అప్పు ఇచ్చాం. కానీ ఊళ్ళో అంగన్‌వాడీ ఉందిగా, అక్కడికి ఎందుకు పంపరని అడిగాం. "అక్కడ అన్నం, గుడ్డు పెడతారు గానీ చదువేముంది?" అన్నారు. "ఇంటి దగ్గర నేర్పుదామంటే మాకా చదువు రాదు" అని కూడా అన్నారు. ఆ రెండో మాటే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలైంది. పౌష్టికాహారంతో పాటు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం కూడా అందులో భాగమే. ఆ భాగాన్ని మనం ఎప్పుడైనా అడిగామా? మేమైతే అడగలేదు. అందుకని టీచరమ్మతో కూర్చుని మాట్లాడాం. కేంద్రం వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. అక్కడ తోట వేద్దామనుకున్నాం.

మొదటిసారి తప్పు చేశాం. మళ్ళు కట్టింది మేమే, విత్తింది మేమే, నీళ్ళు పోసిందీ మేమే. తోటకూర, పాలకూర బ్రహ్మాండంగా వచ్చాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఒక పాప మడిలో చెయ్యి పెడితే "మొలకలు తొక్కుతావ్, అవతలికి పో" అని కసిరింది కూడా మేమే. కూర మనకొచ్చింది, మరి పిల్లలకేమొచ్చింది?

రెండోసారి పాదులు పిల్లలకే వదిలేశాం. ఒక్కో బిడ్డకు ఒక్కో పాదు, నీళ్ళు పోయడానికి ఒక కొబ్బరిచిప్ప. ముందు తడిగుడ్డలో పెసలు కట్టి మొలకలు చూపించాం. తర్వాత ఐదేసి చిక్కుడు గింజలు వేయించాం. ఐదు వేస్తే మూడే మొలిచాయి, మరి మొలవనివి ఎన్ని? పలక లేకుండానే తీసివేత వచ్చేసింది. ఒక పిల్లాడు మొలిచిందో లేదోనని రోజూ గింజ తవ్వి చూసేవాడు. అది కుళ్ళిపోతే ఏడ్చాడు. ఇంకో గింజ ఇచ్చాం. ఈసారి ఆగాడు. ఆగడం నేర్చుకోవడం చిన్న చదువు కాదమ్మా.

కరివేపాకు చెట్టు మీద పురుగులు కనిపిస్తే మందు కొట్టబోయాం. టీచరమ్మ ఆపింది. మొదట పిట్టరెట్టలాగా ఉన్న పురుగు పెరిగి ఆకుపచ్చగా అయ్యింది, గూడు కట్టింది, కొన్ని రోజులకు సీతాకోకచిలుకై ఎగిరింది. పిల్లలు పొద్దున్నే దాని దగ్గరికే పరుగెత్తేవాళ్ళు. మీరూ వేస్తే రెండు జాగ్రత్తలు చూసుకోండి. కంచెలో ఉమ్మెత్త, గన్నేరు ఉంటే తీసెయ్యండి, అవి విషం. మట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

ఇక పుస్తకాలు. బొమ్మల పుస్తకాలు ఉన్నాయి, కానీ చింపుతారని బీరువాలో తాళం వేసి ఉన్నాయి. తాళం తీయించాం. చిరిగినవాటిని మిషను కుట్టే మా సభ్యురాలు కుట్టి ఇస్తోంది. సంతకం తప్ప ఏమీ రాని ఒక పెద్దమ్మ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచింది. "కోడి ఎందుకు పరుగెత్తుతోందే?" అని అడిగి, పిల్ల చెప్పేదాకా ఓపిగ్గా ఆగింది. ఆ పిల్ల పేజీ పేజీకీ కథ అల్లేసింది. అక్షరం రాకపోయినా ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు, అడగొచ్చు, వినొచ్చు. ఇప్పుడు ఆ పెద్దమ్మే మనవరాలిని "ఈ అక్షరమేంటే?" అని అడుగుతోంది.

కలిసి చదివితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రంలో ఆడవాళ్ళు సీతమ్మ కథ పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, ఇది మన కథే కదా అని మాట్లాడుకున్నారు. సారా ఉద్యమం రాజుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మన పొదుపు సంఘాలకు కూడా ఆ ఉద్యమమే ఊపిరి పోసింది.

ఆ నలుగురిలో ఒకరే బిడ్డను తిరిగి అంగన్‌వాడీకి పంపుతున్నారు. మిగతా ముగ్గురినీ మేం తప్పుపట్టం. కానీ నలుగురి ఇళ్ళల్లోనూ సాయంత్రం పుస్తకం తెరుచుకుంటోంది. ఇంట్లో మేమేం నేర్పుతామన్న మాట ఇప్పుడు వాళ్ళ నోట రావడం లేదు.

మా కోరిక మూడు ముక్కల్లో చెప్తాం. ప్రతి గ్రామ సంఘం తమ అంగన్‌వాడీలో పుస్తకాల బీరువా తెరిపించాలి. ప్రతి సభ్యురాలు తన పెరటి విత్తనాల్లో గుప్పెడు పిల్లల కోసం దాచాలి. ఎండాకాలం పాదులు ఎండకుండా వంతులు వేసుకోవాలి. నీళ్ళ కడవ మనం మోద్దాం, పాదులో పోసేది మాత్రం పిల్లలే.