తలనొప్పి: గోళీ ఎప్పుడు, దవాఖాన ఎప్పుడు, ఆరోగ్యశ్రీ ఎప్పుడు?

(బీడీ కార్మిక మహిళల కోసం జరిగిన ఆరోగ్యశ్రీ అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)



ఆరోగ్యశ్రీ మీద ఏ ఊరికి పోయి మాట్లాడినా నన్ను ఎక్కువ మంది అడిగేది గుండె ఆపరేషన్ గురించి కాదు. "సార్, నాకు రోజూ తల నొస్తది, కార్డు మీద చూస్తరా?" అని. అందుకే ఈ రోజు ఆ ఒక్క మాటే పట్టుకుని వచ్చాను. నేను డాక్టర్‌ను కాను, జర్నలిజం చదివినవాణ్ణి. చెప్పబోయేది మెడికల్ ఆఫీసర్ గారితో కూర్చుని సరిచూసుకున్నాను.

సూటిగా చెప్తాను. మామూలు తలనొప్పికి ఆరోగ్యశ్రీ కార్డు పని చేయదు. అది జాబితాలో ఉన్న ఆపరేషన్లకు, పెద్ద చికిత్సలకు. కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు ఉంటుంది. 2023 డిసెంబర్‌కు ముందు ఇది 5 లక్షలు. రోజువారీ తలనొప్పికి కార్డు లేకుండానే ఉచితంగా చూసే చోటు మీ పీహెచ్‌సీ, మీ పల్లె దవాఖాన. ఆ రెండూ వదిలేసి మనం పోయేది ఎక్కడికి? కిరాణా కొట్టుకు. "తలనొప్పి గోళీ ఒకటి ఇయ్యి" అంటాం. అసలు సమస్య అక్కడే మొదలవుతోంది.

ముందు నొప్పి ఎక్కడ పుడుతుందో చూద్దాం. మెదడుకు నొప్పి తెలియదు. నిజమే అక్కా, నవ్వకండి. నొప్పిని పసిగట్టే నరాలు మెదడు గుజ్జులో లేవు. మెదడు మీద ఉండే పొరలకు, రక్తనాళాలకు, తల చర్మానికి, మెడ కండరాలకు ఉన్నాయి. నుదురు, కళ్లు, చెంపలు, దవడ కబుర్లు మోసేది ట్రైజెమినల్ అనే నరం. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా మెదడు అడుగున దాదాపు అదే చోట కలుస్తాయి. అందుకే మెడ పట్టేసినా నొప్పి నుదుటి మీద తెలుస్తుంది.

ఇది మీకు బాగా అర్థం కావాలి, ఎందుకంటే మీ పని అట్లాంటిది. చాట ఒడిలో పెట్టుకుని, తల వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలు అయ్యేదాకా మెడ లేవదు. సాయంత్రానికి తల చుట్టూ తాడు బిగించినట్టు రెండు పక్కలా పిండుతుంది. వాంతి రాదు, పని చేసుకోగలం, కానీ విసుగు. దీన్ని టెన్షన్ తలనొప్పి అంటారు. లోకంలో అందరికన్నా ఎక్కువ మందికి వచ్చేది ఇదే. టెన్షన్ అనగానే ఇంట్లో గొడవలే అనుకోకండి, బిగిసిన కండరాలది కూడా ఇందులో భాగం. గంటకోసారి లేచి, భుజాలు తిప్పి, గ్లాసు నీళ్లు తాగితే చాలామందికి సగం తగ్గుతుంది. కమీషన్ లెక్కలో ఆ ఐదు నిమిషాలు కూడా దొరకవని నాకు తెలుసు. అయినా తీసుకోండి. 40 దాటిన వాళ్లు దారం ముడి కనిపించక కళ్లు చికిలిస్తుంటే చూపు కూడా పరీక్ష చేయించుకోండి.

రెండోది మైగ్రేన్, మన వాళ్లు పార్శ్వనొప్పి అంటారు. ఎక్కువగా ఒక కణత దగ్గర మొదలై నాడి కొట్టినట్టు కొడుతుంది. వెలుతురు, చప్పుడు, పోపు వాసన ఏదీ పడవు. వాంతి వస్తుంది. చీకటి గదిలో పడుకోవాలనిపిస్తుంది. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండొచ్చు. కొందరికి ముందుగా కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయి. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోవడం ఒక కారణం. ఉపవాసం, నిద్ర తప్పడం, ఎండ, ఘాటు వాసన దాన్ని లేపుతాయి. లోపల జరిగేది ఏమిటంటే, ఇందాక చెప్పిన నరం కొన్ని రసాయనాలు వదులుతుంది, పొరల్లోని రక్తనాళాలు ఉబ్బుతాయి, ఆ నరం ఇంకా రేగుతుంది. దిష్టీ కాదు, గాలీ కాదు, పని దొంగతనం అంతకన్నా కాదు. ఇంట్లో అత్తమ్మలు ఉంటే ఈ మాట వాళ్లకూ వినిపించండి.

సైనస్ అని ఏళ్లుగా ఆవిరి పట్టే వాళ్లలో చాలామందిది నిజానికి మైగ్రేనే. డాక్టర్ ఒకసారి చూస్తే తేలిపోతుంది. ఒక కన్ను చుట్టూ గుచ్చినట్టు నొప్పి, ఆ కంటే నీరు, రోజూ అదే వేళకు వచ్చే క్లస్టర్ నొప్పి అరుదు. అది మగవాళ్లలో ఎక్కువ.

బామ్ రాసుకోవచ్చా అని అడుగుతారు. రాసుకోండి. మెంథాల్ చర్మంలో చల్లదనం తెలిపే నరాలను తాకుతుంది, కాసేపు ఊరట. పేపర్ చదువు చదివినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను: 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తలనొప్పి గోళీయే తలనొప్పి తెస్తుంది. మామూలు పారాసిటమాల్ లాంటిది నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, కెఫీన్ లాంటివి కలిపిన గోళీలైతే 10 రోజులకే, ఇట్లా మూడు నెలలకు మించి వేసుకుంటే తలలోని నొప్పి వ్యవస్థే చెడిపోతుంది. చిన్న కదలికకు కూడా నొప్పి అంటుంది. పొద్దున లేవగానే నొప్పి, గోళీ, మధ్యాహ్నానికి మళ్లీ నొప్పి, మళ్లీ గోళీ. మందు చాలడం లేదని ఇంకోటి వేస్తాం. డైక్లోఫెనాక్ లాంటివైతే కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ అదనం.

గోడకు క్యాలెండర్ ఉంది కదా, గ్యాస్ బండ వచ్చిన రోజు రాసుకునేది. గోళీ వేసుకున్న రోజుకు సున్నా చుట్టండి. నెలాఖరుకు లెక్కపెట్టండి. సున్నాలు పది దాటితే ఆ క్యాలెండర్ కాగితమే తీసుకుని పీహెచ్‌సీకి పోండి. డాక్టర్ గోళీలు ఎట్లా మానాలో చెప్తారు. మానిన మొదటి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది, ముందే చెప్తున్నా. తర్వాత చాలామందికి తగ్గుతుంది. మైగ్రేన్ తరచుగా వచ్చే వాళ్లకు నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి. అవి రోజూ వేసుకోవాలి, డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి.

ఇక ఏమాత్రం ఆగకూడని తలనొప్పులు. ఉన్నట్టుండి నిమిషంలోపే తల పగిలిపోయేంత నొప్పి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. నొప్పితో పాటు మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు, ఫిట్స్, చూపు పోవడం. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మత్తు. వెంటనే 108. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పసరు మందుకు, మంత్రానికి పోతే ఆ గంటలు పోయినట్టే.

గర్భిణులు విడిగా వినాలి. అయిదో నెల దాటాక గట్టి తలనొప్పి, కళ్లు మసక, ముఖం ఉబ్బు ఉంటే అదే రోజు బీపీ చూపించాలి. 140/90 లేదా ఆపైన ఉంటే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. కాన్పయిన తర్వాత కొన్ని వారాల దాకా కూడా ఈ భయం ఉంటుంది. "బాలింతకు తల నొయ్యడం మామూలే" అని ఊరుకోవద్దు. కడుపుతో ఉన్నప్పుడు కిరాణా కొట్టు గోళీ ఒక్కటి కూడా వద్దు.

50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, వారాల తరబడి పెరుగుతూ పొద్దున వాంతితో లేపే నొప్పి, ఇవి కూడా ఈ వారంలోనే చూపించాల్సినవి. స్కానింగ్ అవసరమా కాదా డాక్టర్ చెప్తారు. తల నొప్పి అన్న ప్రతివాళ్లకూ స్కానింగ్ అక్కర్లేదు, ఊరికే డబ్బు పోగొట్టుకోకండి.

ఆరోగ్యశ్రీ పనికొచ్చేది ఇక్కడ. మెదడులో గడ్డ, తలకు పెద్ద దెబ్బ లాంటివి తేలి ఆపరేషన్ కావాలంటే, జాబితాలో ఉన్న ఆసుపత్రికి పోయి ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ఆహార భద్రత కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం కాగితాల కోసం ఇంట్లో వెతుకుతూ కూర్చోకండి. ముందు మనిషిని చేర్పించండి, కాగితాలు వెనుక నుంచి ఎవరితోనైనా తెప్పించండి.

సిస్టర్ గారు లోపలి గదిలో బీపీ మిషన్‌తో కూర్చున్నారు. బీపీ ఎక్కువున్నా చాలామందికి తల నొయ్యదు, అందుకని నొప్పి లేనివాళ్లు కూడా చూపించుకుని పోండి. గోళీల పట్టీ కొంగులో ముడేసుకుని వచ్చినవాళ్లు అది డాక్టర్ గారికి చూపించండి, ఏమీ అనరు.