మన మీటర్ గేజ్ రైలుకు ఏ కంట్రోలర్?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ గుర్తుగా బడి సైన్స్ గదిలో పిల్లలే నడిపే రైలు నమూనా పెడదామని సంఘంలో అనుకున్నాం. ఏ రైలని అడగనక్కర్లేదు. జానకంపేట నుంచి మన ఎడపల్లి మీదుగా బోధన్ వెళ్లిన మీటర్ గేజ్ రైలు. ఆ పట్టాలు పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. 1937లో స్థాపించిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు చదివే పిల్లలకు ఆ రైలూ తెలియదు, క్రషింగ్ సీజన్ సందడీ తెలియదు.

కొలత మనకు కలిసొచ్చింది. తోటల్లో నడిపే బొమ్మరైళ్లకు 45 మిల్లీమీటర్ల పట్టా ఉంది. 1:22.5 నిష్పత్తిలో అది దాదాపు మీటర్ గేజే. పట్టాల్లో కరెంటు పంపితే దుమ్ము పడ్డప్పుడల్లా బండి ఆగుతుంది. అందుకే ఇంజన్లోనే బ్యాటరీ, చేతిలో రేడియో రిమోట్. ఈ రెంటి నడుమ మోటారు వేగాన్ని అదుపు చేసేదే స్పీడ్ కంట్రోలర్. ఖర్చు తగ్గించాలంటే దీన్ని చౌకది కొందామన్నారు కొందరు మిత్రులు. నా మాట వేరు. స్టేషన్, పెట్టెలు అట్టతో చేద్దాం, కంట్రోలర్ మాత్రం చూసి కొందాం.

మొదట కరెంటు చూడాలి. బోరు మోటారు నడిచేటప్పటికన్నా స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ ఆంపియర్లు లాగుతుందని మన రైతులందరికీ తెలుసు. బొమ్మ మోటారూ అంతే. చుట్ట నిరోధం 2.1 ఓములు, రెండు సెల్‌ల లిథియం బ్యాటరీ పూర్తిగా చార్జయితే 8.4 వోల్టులు అనుకోండి. చక్రం ఇరుక్కుంటే 4 ఆంపియర్లు పారుతుంది. మామూలు నడకలో ఒక్క ఆంపియరే లాగినా, కంట్రోలర్ నాలుగింటిని తట్టుకోవాలి. పిల్లల చేతిలో చక్రం ఇరుక్కోకుండా ఉండదు కదా! కాబట్టి ఆరు ఆంపియర్లది తీసుకోవాలి.

రెండోది నెమ్మది. రేసు కార్ల కంట్రోలర్‌తో రైలు ఉన్నట్టుండి దూకుతుంది. వేగం తగ్గించడానికి నిరోధకం పెడితే, కదిలే క్షణంలోనే వోల్టేజి పడిపోయి బండి మొరాయిస్తుంది. మంచి కంట్రోలర్ పూర్తి వోల్టేజినే క్షణంలో ఎన్నోసార్లు వేస్తూ తీస్తూ ఉంటుంది. అందుకే తక్కువ వేగంలోనూ లాగే బలం ఉంటుంది. అలాగే, మోటారు రెండు తీగల బ్రష్ మోటారైతే కంట్రోలరూ ఆ రకందే కావాలి. వెనక్కి నడిపే వీలుండాలి.

మూడోది ఆగడం. రిమోట్ సిగ్నల్ తప్పితే రైలు దానంతటదే ఆగాలి. రిసీవర్‌కు అయిదు వోల్టులు కంట్రోలరే ఇవ్వాలి. సెల్ వోల్టేజి మూడుకు దిగకముందే మోటారును ఆపేయాలి, లేకుంటే లిథియం సెల్ పాడవుతుంది. బిగించాక ఇవన్నీ పరీక్షించిన తర్వాతే పిల్లలకు ఇద్దాం.

గురువులకు ఒక విన్నపం. కంట్రోలర్ మేమే కొని తెచ్చి ఇవ్వడం కన్నా, పదో తరగతి పిల్లలతో మోటారు నిరోధం కొలిపించండి. ఓం నియమంతో లెక్క వాళ్లే వేసి, ఎన్ని ఆంపియర్లది కావాలో వాళ్లే చెప్పాలి. సంఘం డబ్బు కడుతుంది. వాళ్ల తాతలు ఎక్కిన రైలును వాళ్లే నడిపిస్తారు.

సెలవు.